నీ హాబీ ఏమిటి బాబూ?

పదకొండేళ్ళ కుర్రవాడు. రెండు నెలలుగా కడుపునొప్పి. సాయంత్రం నాలుగు దాటితే మొదలవుతుంది, రాత్రి భోజనాల వేళకు తగ్గుతుంది. ఆదివారం మాత్రం పొద్దున్నే వస్తుంది. రక్తపరీక్షలు, మలపరీక్ష, స్కానింగు అన్నీ అయ్యాయి. ఎందులోనూ ఏమీ లేదు. నులిపురుగుల మందు రెండుసార్లు వేశారు. ఎసిడిటీ మందు నెలరోజులు మింగించారు. నొప్పి మాత్రం టైము తప్పకుండా వస్తూనే ఉంది.

ఆ కుర్రవాణ్ణి వాళ్ళమ్మా, తాతగారూ కలిసి నా దగ్గరకు తీసుకువచ్చారు. కాపురం జూబ్లీహిల్స్‌లో. తాతగారు నాకు పాత పరిచయస్థులు. సినిమాల్లో ఎడిటింగు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు.

కడుపు నొక్కి చూశాను. మెత్తగా ఉంది. బరువు, ఎత్తు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. పిల్లవాడి బెరుకు పోగొడదామని మాటల్లోకి దింపాను.

"నీ హాబీ ఏమిటి బాబూ?"

వాడు వాళ్ళమ్మ వంక చూశాడు. తర్వాత నన్నడిగాడు:

"ఏ రోజుదండీ?"

నాకు అర్థం కాలేదు. వాడే విడమర్చి చెప్పాడు. సోమవారంది కీబోర్డు, మంగళవారంది చదరంగం, బుధవారంది స్కేటింగు, గురువారంది కోడింగు, శుక్రవారంది మళ్ళీ కీబోర్డు, శనివారంది తైక్వాండో, ఆదివారం పొద్దున్న యాక్టింగు. అన్నీ స్కూలు వదిలాక, నాలుగున్నర నుంచి.

కడుపునొప్పి టైముకు ఎందుకు వస్తోందో అప్పుడు తెలిసింది.

నొప్పి నటన కాదు

ఇక్కడ తల్లిదండ్రులు ఒక పొరపాటు చేస్తారు. పరీక్షల్లో ఏమీ లేదనగానే "దొంగనొప్పి" అని తేల్చేస్తారు. అది నిజం కాదు. మన పేగుల గోడల్లో నరాల వల ఒకటి ఉంటుంది. మెదడుకూ దానికీ నిత్యం రాకపోకలు జరుగుతూనే ఉంటాయి. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు మీకు కడుపులో తిప్పినట్టుండేది గుర్తుందా? అదీ ఈ దారినే వచ్చింది. మనసు మీద ఒత్తిడి ఉన్న పిల్లల్లో పేగుల మామూలు కదలికలే నొప్పిగా తెలుస్తాయి. పిల్లవాడు "నాకీ క్లాసు వద్దు" అని నోటితో చెప్పలేకపోతే, వాడి కడుపు చెబుతుంది.

అయితే ప్రతి కడుపునొప్పినీ మనసుకే అంటగట్టకూడదు. ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి: నొప్పి నిద్రలోంచి లేపడం; బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం; విరేచనంలో రక్తం; పదేపదే వాంతులు, ముఖ్యంగా పచ్చటివి; జ్వరం; మూత్రంలో మంట; బొడ్డుకు దూరంగా, కుడిపక్క కింద ఒకేచోట నొప్పి. ఇవేవీ లేకుండా బొడ్డు చుట్టూ వచ్చిపోయే నొప్పి అయితే, మందులకన్నా ముందు పిల్లవాడి దినచర్య చూడాలి.

ఒకే ఇంట్లో మూడు తరాలు

"మీరు పదకొండేళ్ళప్పుడు ఏం చేసేవారండీ?" అని తాతగారిని అడిగాను. ఆయన కళ్ళు మెరిశాయి.

ఆయనది తెనాలి. సినిమా హాల్లో రీలు తెగినప్పుడు ఆపరేటరు కత్తిరించి పారేసిన ముక్కలు ఏరుకొచ్చేవారట. మాడిపోయిన బల్బు మూత ఊడదీసి, లోపలి తీగలు తీసేసి, నీళ్ళు పోస్తే అదే భూతద్దం. తలుపులు మూసిన గదిలోకి వాకిట్లోంచి అద్దంతో ఎండ పట్టడానికి ఒకడు. బల్బు ముందు ఫిల్ము ముక్క పట్టుకోవడానికి ఇంకొకడు. గోడకు కట్టిన నాన్నగారి పంచె మీద బొమ్మ తలకిందులుగా పడేదట. ఎన్నో పాట్లు పడి దాన్ని నిటారుగా నిలబెట్టారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. పంచె పాడుచేసినందుకు వీపు మీద రెండు వడ్డించారు కూడా.

ఇది ఆయన ఒక్కడి ముచ్చట కాదు. నా చిన్నతనంలో మేమూ చేశాం. ఆ కాలం పిల్లల వ్యాపకాలకు పెట్టుబడి ఉండేది కాదు. గోలీలు, బొంగరాలు, గూటీబిళ్ళ. ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ, వామనగుంటలు, అష్టాచెమ్మా. అగ్గిపెట్టెల మీది బొమ్మలు, తపాలా బిళ్ళలు, సినిమా పాటల పుస్తకాలు పోగెయ్యడం. 1947లో మొదలైన చందమామ కోసం నెలంతా ఎదురుచూడటం. ఆకాశవాణిలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి గార్ల బాలానందం వినడం.

తాతగారు మద్రాసు చేరి, సినిమాలతోపాటే హైదరాబాదు తరలివచ్చారు. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. 1989లో ఫిల్మ్‌నగర్ కొండ మీద రామానాయుడు స్టూడియో వచ్చింది. ఆ మధ్య కాలంలో ఈ ప్రాంతమంతా బండలూ తుప్పలే. ఆయన కొడుకు, అంటే ఈ కుర్రవాడి తండ్రి, ఆ బండలెక్కి పెరిగాడు. ఖాళీ ప్లాట్లలో క్రికెట్టు, సంక్రాంతికి గాలిపటాలు, ఇంట్లో క్యాసెట్టు రికార్డరు. హైదరాబాదు దూరదర్శన్ 1977లోనే మొదలైనా, టీవీ సాయంత్రం కాసేపే. తర్వాత ఆడుకోవడానికి బయటికి పోవాల్సిందే.

ఇప్పుడా బండలు పగిలాయి, ప్లాట్లలో మేడలు లేచాయి. మిగిలిన అడవిలో పెద్ద ముక్కను 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనంగా ప్రకటించబట్టి నెమళ్ళకైనా చోటు దక్కింది. పిల్లలకు దక్కింది క్లాసు, లేకపోతే ఫోను.

కొండ దిగువన ఇంకో ఇల్లు

అదే వారం ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి ఒకామె తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. తల్లి కొండ మీద రెండిళ్ళలో వంట చేస్తుంది. తండ్రి షూటింగుల్లో లైట్లు మోస్తాడు. పిల్లకు రోజూ తలనొప్పి.

"ఫోను ఇడువదు సార్. డాన్సు వీడియోలు చూసుడు, గట్లనే ఎగురుడు, మల్ల తీసి పెట్టుడు. రాత్రి పదకొండైనా పండదు."

"బయట ఆడుకోమని పంపవమ్మా?"

"యాడికి పంపాలె సార్? గల్లీ నిండ బండ్లే. నేనొచ్చేదాంక తలుపేసుకొని ఇంట్లనే ఉండమంట. గా ఫోన్ ఉన్నదనే నాకు జర ధైర్యం."

ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఫోను ఇవ్వడం తప్పని చెప్పడం తేలిక. ఆ పిల్లకు అది కాలక్షేపం ఒక్కటే కాదు, కాపలా కూడా. 2016 తర్వాత డేటా చౌక కావడం, 2020లో కరోనా వచ్చి బడే ఫోనులోకి రావడం, ఈ రెండింటితో ఫోను లేని ఇల్లు లేకుండా పోయింది. మేడలోని పిల్లకు టాబ్లెట్టు, బస్తీ పిల్లకు పగిలిన అద్దపు ఫోను. అంతే తేడా.

గోడ మీది అక్షరాలు చదివించాను. రెండు కళ్ళకూ దూరదృష్టి బాగా తగ్గింది. బడిలో బోర్డు కనబడక కళ్ళు చికిలించి చూస్తోంది. తలనొప్పి అందుకే. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పంపాను. కళ్ళజోడు వచ్చింది, తలనొప్పి పోయింది. కాని కంటి సంఖ్య పెరగకుండా ఆపాలంటే జోడు ఒక్కటే చాలదు.

ఎండ అనే మందు

ఎదిగే వయసులో కన్నుగుడ్డు ముందునుంచి వెనక్కు మరీ పొడవుగా పెరిగితే దగ్గరివి కనబడతాయి, దూరానివి మసకబారతాయి. దీన్నే హ్రస్వదృష్టి అంటాం. కొంత వంశపారంపర్యం. కొంత గంటల తరబడి దగ్గరి వస్తువునే చూడటం. వీటికి తోడు పగటి వెలుతురు చాలకపోవడం ముఖ్యమైన కారణమని ఇప్పుడు తెలుస్తోంది. ఆరుబయటి వెలుతురుకు కంటి లోపలి పొరలో డోపమిన్ అనే పదార్థం విడుదలై, గుడ్డు సాగిపోకుండా అదుపు చేస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లల మీద ఒక పరిశోధన చేశారు. కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లల్ని ఆరుబయట ఉంచారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, మామూలు బడుల్లో నూటికి సుమారు 40 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఆరుబయట ఉంచిన బడుల్లో 30 మందికే వచ్చింది. 2015లో ప్రచురించిన ఫలితాలివి. అక్కడ మందూ లేదు, యంత్రమూ లేదు. ఉన్నదల్లా వెలుతురే.

ఇది చెబుతుంటే ఒక సంగతి గుర్తొస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే, బంజారాహిల్స్‌లో 1987లో వెలసిన ప్రఖ్యాత నేత్ర వైద్య సంస్థకు సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి పేరుంది. జనానికి తెరమీద బొమ్మలు చూపించిన మనిషి పేరు కంటి ఆసుపత్రికి ఉండటం ఎంత తగిన విషయం! ఆ తెరే ఇప్పుడు అరచేతిలోకి వచ్చి పిల్లల కళ్ళకు జానెడు దూరంలో నిలిచింది.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు చూపవద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ వరకు గంట మించవద్దనీ, ఐదు నుంచి పదేళ్ళవాళ్ళకు రెండు గంటల లోపే ఉంచమనీ మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. నిద్ర ఆరు నుంచి పన్నెండేళ్ళవారికి 9 నుంచి 12 గంటలు, ఆపైన పద్దెనిమిదేళ్ళ వరకు 8 నుంచి 10 గంటలు కావాలి.

పాతదంతా బంగారం కాదు

నేనేదో పాత కాలాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. గూటీబిళ్ళ తగిలి కన్ను పోయిన పిల్లల్ని హౌస్‌సర్జన్ రోజుల్లో చూశాను. ఆడపిల్లలు అరుగు మీది ఆటలతో సరిపెట్టుకోవలసి వచ్చేది. చాలామంది పిల్లలకు ఆటలే లేవు, గొడ్ల వెంటా కూలిపనుల్లోనూ బాల్యం గడిచిపోయేది. చదరంగం, స్కేటింగు, సంగీతం మంచివే. ఫోనులో బొమ్మలు తీసి అతికి చిన్న సినిమా చేసే పిల్లవాడు, బల్బులో నీళ్ళు పోసిన ఆ తెనాలి కుర్రవాడికి మనవడే.

మరి తేడా ఎక్కడ? పిల్లవాడు తనంతట తాను మొదలుపెట్టి, తన ఇష్టం వచ్చినప్పుడు ఆపగలిగేది వ్యాపకం. గంట కొట్టి మొదలుపెట్టి, సర్టిఫికెట్టు ఇచ్చి ముగించేది చదువు. చదువు అవసరమే. కాని దానికి వ్యాపకం అని పేరు పెడితే, అసలు వ్యాపకానికి చోటు లేకుండా పోతుంది.

ఈ సలహా చెప్పే అర్హత నాకుందా అని కూడా నన్ను నేను అడిగాను. మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో పాడైపోయిన రేడియోలు విప్పి బాగుచేసేవాడు. ఇల్లంతా తీగలూ, మరలూ. తొమ్మిదిలోకి రాగానే నేనే వాటన్నిటినీ అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టాను. "ఎంసెట్ అయ్యాక తీసుకుందువుగాని" అన్నాను. వాడు మాట వినే పిల్లవాడు. మళ్ళీ అడగలేదు. ఎంసెట్ అయింది, ఉద్యోగమూ వచ్చింది. క్రిందటేడు సెలవుకు వచ్చినప్పుడు పెట్టె కిందికి దించి వాడి ముందు పెట్టాను. ఒక రేడియో చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు దీంతో ఏం చెయ్యాలి నాన్నా?" అన్నాడు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఏం చెయ్యాలి?

వారానికి క్లాసులు రెండుకు మించనివ్వకండి. ఏవి ఉంచాలో పిల్లల్నే అడగండి. ఆదివారం సగమైనా ఏ పనీ పెట్టకండి. "బోరు కొడుతోంది" అంటారు, అననివ్వండి. ఆ విసుగులోంచే పిల్లలు ఏదో ఒకటి కల్పించుకుంటారు.

రోజుకు మొత్తం మీద రెండు గంటలు పగటి వెలుతురులో గడిచేలా చూడండి. బడికి నడిచివెళ్ళడం, మధ్యాహ్నం విరామం కూడా లెక్కలోకే వస్తాయి. వేసవిలో నడిమధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు. నీడలో ఉన్నా వెలుతురు వెలుతురే. ఏడాదికొకసారి కంటిపరీక్ష తప్పదు. కళ్ళు చికిలించినా, టీవీకి దగ్గరగా జరిగినా ఏడాది ఆగకండి.

పడుకునే గంట ముందు ఫోను పక్కన పెట్టించండి, మీదీ పెట్టండి. భోజనాల దగ్గర ఎవరి చేతిలోనూ ఉండకూడదు.

పిల్లలు చేసే ప్రతిదాన్నీ వీడియో తీసి పదిమందికీ పంపకండి. ఎవరెంత మెచ్చారన్న లెక్క వచ్చిందంటే అది ఆట కాదు, పరీక్ష.

ఇక మా ఫిల్మ్‌నగర్ వైపు ముఖ్యమైన మాట. పిల్లల్ని సినిమాల్లో, సీరియళ్ళలో వేయించేవారు చట్టం తెలుసుకోవాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించరాదు. వరుసగా 27 రోజులకు మించరాదు. ముందుగా జిల్లా మెజిస్ట్రేటు అనుమతి కావాలి. ఆదాయంలో 20 శాతానికి తక్కువ కాకుండా బిడ్డ పేరనే బ్యాంకులో వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డకు ఇష్టం లేకుండా చేయించరాదు.

తర్వాత ఏమయింది?

బస్తీ తల్లి తనకు తోచిన దారి తను వెతుక్కుంది. గల్లీలో నలుగురు తల్లులు వంతులు వేసుకున్నారు. సాయంత్రం ఐదింటికి ఎవరో ఒకరు పిల్లలందర్నీ దగ్గరి బడి ఆవరణకు తీసుకెళ్ళి ఆరున్నరకు తెస్తున్నారు. ఆమె వంతు బుధవారం. "మా పిల్ల డాన్సు ఇప్పుడు అందరికి నేర్పుతుంది సార్" అంది. ఫోను ఇంకా ఉంది, కాని అదొక్కటే కాదు.

కుర్రవాడికి మందులన్నీ ఆపేసి, వాడు కోరుకున్న రెండు క్లాసులు ఉంచి మిగతావి మాన్పించాం. మొదటి వారం ఏం చెయ్యాలో తోచక ఏడ్చాడట. రెండోవారం తాతగారి పెట్టెలో పాత ఫిల్ము ముక్కలు కంటబడ్డాయి. బల్బు కోసం ఇల్లంతా వెదికారు. అన్నీ ఎల్.ఇ.డి.లే, నీళ్ళెక్కడ పోస్తారు? చివరికి తాతగారి చదువుకునే భూతద్దం తీసి, కిటికీ తెరలు వేసి, అద్దంతో ఎండ పట్టారు. గోడ మీద బొమ్మ తలకిందులుగా పడింది. ఆయన నోరు మూసుకుని కూర్చున్నారు. అరగంటకు వాడే ఫిల్ము తిప్పి పట్టుకున్నాడు.

కడుపునొప్పి పూర్తిగా పోలేదు. బడిలో పరీక్షలప్పుడు ఒకటి రెండుసార్లు వచ్చింది. వారానికి ఆరురోజులు వచ్చేది నెలకు రెండుసార్లయింది. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఎంతో సంతోషంగా చెప్పింది:

"డాక్టరుగారూ, వీడికి ఈ ఫిల్ముల మీద భలే ఆసక్తిగా ఉందండీ. దీనికి క్లాసులెక్కడ చెబుతారో మీకేమైనా తెలుసాండీ?"

తాతగారు నావైపు చూశారు. నేను మందుచీటీ తీసుకుని పెద్ద అక్షరాలతో "వద్దు" అని రాసి ఆమె చేతికిచ్చాను.